గుమ్మంలో పగిలిన గిన్నె

కినుయె ఆ కొట్టు ముందు అప్పటికి మూడుసార్లు అటూ ఇటూ తిరిగింది. నాలుగోసారి కూడా దాటిపోయేదే. ఇంతలో లోపలున్న ముసలావిడ గుడ్డ తెర పక్కకి తొలగించి, "చలిలో కాళ్ళు పీకుతాయి. తిరిగేదేదో లోపలే తిరగండమ్మా, కుంపటి ఉంది," అంది. ఇక తప్పించుకోవడానికి వీల్లేకపోయింది.

గొజో వాలు మీద మినోవ వారి గిన్నెల కొట్టంటే క్యోటోలో తెలియని ఆడవాళ్ళు తక్కువ. వీధిలోంచి చూస్తే ఇద్దరు మనుషులు చేతులు చాపితే అటు గోడా ఇటు గోడా తగిలేంత ఇల్లు. లోపలికి వెళ్తే మాత్రం వెళ్ళినకొద్దీ ఇల్లే. ముందు కొట్టు, దాని వెనక చాపల గది, ఆ వెనక నాచు పట్టిన రాయీ ఒక్క మొక్కా ఉన్న జానెడు తోట, తోట అవతల వంటిల్లు, అన్నిటికీ చివర చల్లారిపోయిన గిన్నెల బట్టీ. పొగ వల్ల ఊళ్ళో ఉతికిన బట్టలు నల్లబడుతున్నాయని సర్కారు బట్టీలన్నీ ఆర్పించేశాక, కాల్చే పని కొండ అవతలకి పోయింది. అమ్మకం మాత్రం ఈ ఇంట్లోనే, ఈ ముసలావిడ చేతి మీదుగానే. పేరు చిసె. ఎనభై నిండాయి. నడుము వంగింది గానీ నోరు వంగలేదు.

కినుయెకి అరవై మూడు. ఆవిడ అంత జంకడానికి కారణం చేతిసంచిలో ఉంది. జేబురుమాల్లో చుట్టిన పెంకు ముక్క. ఒకవైపు నీలం అల, అల మీద ఎగిరే సముద్రప్పిట్ట రెక్క ఒకటి. పిట్ట తల లేదు.

ఆ ముక్క సంగతి చెప్పాలంటే పదహారు రోజులు వెనక్కి వెళ్ళాలి.

కినుయెది ఊరికి ఉత్తరాన నిషిజిన్‌లో మగ్గాల సందు. ఎదురిల్లు గెన్జిరో, సాయోలది. గెన్జిరో పట్టు నడికట్లు నేసిన మనిషి. సాయో ఆయనకి కండెలు చుట్టిపెడుతూ జీవితమంతా గడిపింది. పిల్లల్లేరు. కినుయె కాపరానికి వచ్చిన నాటి నుంచి, అంటే నలభై ఏళ్ళుగా, ఆ ఇంటి గుమ్మం ఈ ఇంటి గుమ్మాన్ని చూస్తూనే ఉంది. సాయో ఎన్ని గంటలకి పొయ్యి వెలిగిస్తుందో, గెన్జిరోకి వచ్చింది పొడి దగ్గో కఫమో, వాళ్ళింటికి ఏ రోజు చేప వచ్చిందో, కినుయె తన వంటింట్లో నిలబడే చెప్పగలదు. "ఆ ఇంటి సంగతి ఆ ఇంటివాళ్ళకంటే మా ఆవిడకే ఎక్కువ తెలుసు," అని కినుయె మొగుడు తన క్షవరం కొట్టుకి వచ్చినవాళ్ళ దగ్గర వేళాకోళం చేసేవాడు. కినుయె దానికి మురిసిపోయేది కూడా.

జనవరి చివరలో గెన్జిరో పోయాడు. ఆ ఏడాది సందు పెద్దరికం వంతు కినుయె వాళ్ళదే. కాబట్టి టీ కాచడం, చెప్పులు సర్దడం, పూలు తెచ్చినవాళ్ళ పేర్లు రాయించడం, అన్నీ ఆవిడే చూసుకుంది. శవాన్ని తీసుకెళ్ళే బంగారు కప్పు బండి సందు మొదట్లోకి వచ్చింది. శవప్పెట్టె లేచింది. అప్పుడు వెనక నుంచి ఒక పెద్దాయన, "గిన్నె! గిన్నె తెండి!" అని కేకేశాడు.

పోయిన మనిషి రోజూ అన్నం తిన్న గిన్నెని, పెట్టె గడప దాటగానే గుమ్మంలో రాతి మీద కొట్టాలి. ఇక ఈ ఇంట్లో నీకు అన్నం లేదు, వెనక్కి చూడకుండా వెళ్ళు నాయనా అని చెప్పడం అది. చెప్పకపోతే పాపం ఆ మనిషి భోజనాల వేళకి తిరిగొస్తూనే ఉంటాడు.

కినుయె వంటింట్లోకి పరుగెత్తింది. అరలో రెండు గిన్నెలు పక్కపక్కన బోర్లించి ఉన్నాయి. ఆలుమగల జోడు. పెద్దది నీలం, చిన్నది ఎరుపు. రెండింటి మీదా అవే అలలు, అవే పిట్టలు. ఏది మొగుడిదో ఏది పెళ్ళానిదో పసిపిల్లనడిగినా చెబుతుంది. కినుయె నీలం గిన్నె తీసుకుంది, గుమ్మంలోకి వచ్చింది, రెండు చేతులతో పైకెత్తి కొట్టింది. ఒక్క దెబ్బకి పిండైపోయింది. "మంచి దెబ్బ కొట్టావమ్మా, హాయిగా వెళ్ళిపోతాడు," అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. మొగుడి ఫొటో గుండెకి హత్తుకుని మూడడుగుల దూరంలో నిలబడ్డ సాయో మాత్రం ఏమీ అనలేదు. ఆ వేళ ఏ ఆడది మాత్రం ఏమంటుంది?

ఏడో రోజున కినుయె జావ కాచి పట్టుకెళ్ళింది. సాయోకి పోసిద్దామని అరలో మిగిలిన ఎర్ర గిన్నె తీసింది. సాయో వచ్చి ఆ గిన్నెని మెల్లిగా ఆవిడ చేతుల్లోంచి తీసేసుకుంది.

"ఇది కాదు కినూ. ఇది ఆయనది."

కినుయెకి అర్థం కాలేదు. "ఎర్రది ఆయనదేమిటక్కా?"

"ఆస్పత్రిలో కడుపు కోశాక ఆయన అంత పెద్ద గిన్నెడు తినలేకపోయేవాడు. సగం వదిలేసి సిగ్గుపడేవాడు. చిన్నది నిండుగా పెడితే అంతా తిన్నానని సంతోషించేవాడు. ఇరవై రెండేళ్ళయింది మార్చుకుని. ఎవరైనా వస్తే నీలం ఆయన ముందు పెట్టేదాన్ని, ఆయన పెద్దరికానికి లోటు రాకుండా."

"మరి నేను పగలగొట్టింది..."

"పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి, చూడు," అంది సాయో.

అంతే. ఆ మాట మళ్ళీ రాలేదు. ఇంటి గుమ్మంలో, పదిమంది ఎదుట, బతికున్న మనిషి గిన్నె పగిలింది. నీకిక ఈ ఇంట్లో అన్నం లేదు, వెళ్ళు అని సాయోకి చెప్పినట్టయింది. చెప్పింది కినుయె చేతులు. దానికి తగ్గట్టే సాయో అన్నం ముట్టడం మానేసింది. టీ తాగుతోంది, కమలాపండు తొన ఒకటి నోట్లో వేసుకుంటోంది. పదహారో రోజుకి మెడ కింద గుంట పడింది. ఎవరూ చూడకుండా గుమ్మం రాతి సందులోంచి ఏరి దాచుకున్న పెంకు ముక్క పట్టుకుని కినుయె బస్సెక్కింది. ఆ జోడు మినోవ వారి దగ్గర కొన్నదని సాయోయే ఎప్పుడో చెప్పింది.

కుంపటి దగ్గర కూచోబెట్టి చిసె టీ పోసింది. "ఏం కావాలమ్మా?"

"అన్నం గిన్నె అమ్మగారూ. నీలం. అలల మీద పిట్టలుండాలి. ఇలా." కినుయె జేబురుమాలు విప్పింది. "ఇక్కడే కొన్నాను. కడుగుతుంటే జారిపోయింది."

చిసె ముక్కకేసి చూడలేదు. కినుయె చేతులకేసి చూసింది. వెడల్పాటి అరచేతులు, పొట్టి వేళ్ళు. "మీరు కొన్నారా?"

"నేనే."

"మా దగ్గరా?"

"ఆఁ, మీ దగ్గరే."

"మీ చేతికి మేం ఆ గిన్నె అమ్మి ఉండమమ్మా. అది పొడుగు వేళ్ళకి చేసింది. మీకిస్తే సబ్బు పెట్టె పట్టుకున్నట్టుంటుంది." అప్పుడు ముక్కని తీసి బొటనవేలితో అంచు తడిమింది. "తొట్టిలో జారిన గిన్నె పెదవి దగ్గర చిట్లుతుంది. మహా అయితే మూడు ముక్కలు. ఇది అడుగు దగ్గరే నలిగిపోయింది. రాతి మీద పైనుంచి కొడితే తప్ప అడుగు నలగదు. యాభై ఏళ్ళుగా గిన్నెలమ్ముతున్నాను, జారిందేదో కొట్టిందేదో నాకు తెలీదనుకున్నారా?" గొంతు తగ్గించింది. "ఎవరు పోయారమ్మా?"

కినుయె టీ కప్పు కింద పెట్టింది. పెట్టేలోపే కళ్ళనీళ్ళు కారిపోయాయి. మొత్తం చెప్పేసింది. కడుపు కోయించుకోవడం, గిన్నెలు మార్చుకోవడం, మంచి దెబ్బ, మెడ కింద గుంట, ఏదీ దాచలేదు.

చిసె పక్కనున్న పొడి గుడ్డ తీసి, తుడిచిన అరనే మళ్ళీ తుడిచింది.

"ఇలాంటిది నేను వినలేదు," అంది చివరికి. "అత్త గిన్నె కొట్టి మురిసిన కోడళ్ళని చూశాను. కొట్టలేక గిన్నె గుండెకి పట్టుకుని ఏడ్చినవాళ్ళని చూశాను. బతికున్న మనిషి గిన్నె కొట్టినవాళ్ళని మాత్రం చూడలేదు."

"అందుకే అమ్మగారూ, అచ్చం అలాంటిదే ఒక్కటి ఇప్పించండి. తీసుకెళ్ళి అరలో పెట్టేస్తాను. పగలలేదు, ఇదిగో ఉందని చెప్పేస్తాను."

"పగలడం ఆవిడ చూసిందన్నారుగా?"

"చూసింది."

"మరి పగలలేదని ఎవరికి చెబుతారు?"

కినుయె ముక్కు తుడుచుకుంది. "నాకే చెప్పుకుంటాను."

ఆ మాటకి చిసె మొహం కాస్త మెత్తబడింది. కానీ తల అడ్డంగా ఊపింది. "ఆ పిట్టలు గీసిన చెయ్యి పోయి పదకొండేళ్ళయింది. ఒకవేళ ఒకటి ఎక్కడన్నా మిగిలున్నా ఇవ్వను. గుమ్మంలో పగిలిన గిన్నెకి అలాంటిదే ఇంకోటి ఇవ్వడం మా ఇంట్లో లేదు. మా అత్తగారి కాలంలో లేదు, ఆవిడ అత్తగారి కాలంలోనూ లేదు. పంపించిన మనిషిని చెయ్యి పట్టి వెనక్కి లాగినట్టు అవుతుంది."

"ఈవిడ పోలేదు కదా! వెనక్కి లాగితే మంచిదే కదా!"

"అదే నాకూ తోచడం లేదు," అంది చిసె. నిజంగానే తోచనట్టుంది, కుంపటిలో బూడిద అలా కెలుకుతూ కూచుంది. తర్వాత అంది: "ఆవిణ్ణి తీసుకురండి."

"ఇక్కడికా?"

"అన్నం గిన్నె ఒకరికోసం ఇంకొకరు కొనేది కాదు. మా దగ్గర పద్ధతొకటుంది. అన్నం వండుతాం. గిన్నెలో వేడన్నం పెట్టి చేతికిస్తాం. అరచెయ్యి కాలకుండా, వేళ్ళు జారకుండా, మణికట్టు నొప్పెట్టకుండా ఏ గిన్నె నిలబడితే అది వాళ్ళది. ఖాళీ గిన్నె చూసి కొనుక్కునేవాళ్ళు పెద్ద బజార్లో కొనుక్కోవచ్చు."

"ఆవిడ తిండి మానేసిందని మొర పెట్టుకుంటుంటే అన్నం వండుతానంటారేమిటి?"

"తినమనడం లేదమ్మా. పట్టుకోమంటున్నాను."

మర్నాడంతా కినుయె ధైర్యం కూడగట్టుకుంది. ఆ మర్నాడు పొద్దున్నే సందు దాటి ఎదురింటి తలుపు జరిపింది. పూజగూటి ముందు ఎర్ర గిన్నె ఉంది. అందులో అప్పుడే పెట్టిన అన్నం పొగలు కక్కుతోంది. సాయో రోజూ వండుతోంది. ఆయనకి పెడుతోంది. చల్లారాక తీసి పిచ్చుకలకి వేస్తోంది. తాను మాత్రం ముట్టదు. ఇన్ని రోజుల్లో వాకిట్లో పిచ్చుకలు బొద్దుగా తయారయ్యాయి.

కినుయె చాప మీద కూలబడి, దారిలో వరసపెట్టుకున్న మాటలన్నీ మరిచిపోయి, "అక్కా, నేను పగలగొట్టింది మీ గిన్నె," అంది.

"తెలుసులే," అంది సాయో.

"కొత్తది కొనిపెడతాను. లేవండి, మినోవ వారి కొట్టుకి వెళ్దాం."

"ఇప్పుడెందుకు కినూ, ఈ చలిలో?"

"ఎందుకేమిటి? నాకు నిద్ర లేదు. పడుకుంటే దొర్లుతున్నానని మా ఆయన పక్క తీసుకెళ్ళి కొట్లో క్షవరం కుర్చీ పక్కన వేసుకున్నాడు. నిన్న పొద్దున్నే వచ్చిన మనిషి ఆయన్ని చూసి శవమనుకుని కేక పెట్టాడు."

సాయో నవ్వింది. పద్దెనిమిది రోజుల్లో ఆ నవ్వు కినుయె చూడలేదు. నవ్వాక మాత్రం సాయో ఆవిడ మొహంలోకి కాస్త ఎక్కువసేపే చూసింది, ఏదో అడగాలనుకుని మానేసినట్టుగా. తర్వాత లేచి పైకోటు తీసుకుంది. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని కినుయె అనుకోలేదు. అందుకే కాస్త భయం కూడా వేసింది.

మినోవ వారి ఇంటి వెనక గదిలో ఇనప గుండిగలో అన్నం ఉడికి ఉంది. చిసె ఆరు గిన్నెలు చాప మీద వరసగా పెట్టింది. ఇద్దరు ముసలివాళ్ళూ తలలు చాపకి ఆనేలా వంగి పలకరించుకున్నారు. మంచు పడుతుందంటారా, పడదంటారా, మోకాళ్ళు ఎలా ఉన్నాయి అని పావుగంట నడిచింది. పోయినాయన మాట ఎవరూ ఎత్తలేదు. కినుయె మాత్రం ముళ్ళ మీద కూచున్నట్టు కూచుంది.

"ఏదీ, చెయ్యి చూపించండి," అంది చిసె. సాయో అరచెయ్యి అందుకుని, ఎముకలు లెక్కపెడుతున్నట్టు నొక్కి చూసింది. "ఇదివరకు కొన్ననాటి చెయ్యి కాదిది. నీలం గిన్నె దొరికినా మీకిప్పుడు పనికిరాదు."

మొదటి గిన్నెలో ఒక గరిటె అన్నం పెట్టి ఇచ్చింది. పల్చటి గిన్నె, గులాబి రంగు. సాయో అందుకుని, వెంటనే చాప మీద పెట్టేసి, చురుక్కుమన్న వేళ్ళు చల్లబడాలని చెవితమ్మెకి ఆనించుకుంది. "కాలుతోంది."

"అది కొత్త పెళ్ళికూతుళ్ళకి. వాళ్ళకి ఏదీ కాలదు," అంది చిసె. రెండోది ఇచ్చింది. సాయో మణికట్టు వణికింది. "బరువు." మూడోదాని అడుగు ఎత్తు తక్కువ, బొటనవేలికి పట్టు దొరకలేదు. నాలుగోది బూడిద రంగు, బొమ్మలేమీ లేవు, ఒక పక్క మెరుగు పూత కాస్త కిందికి జారి బొట్టులా ఆగిపోయింది. సాయో దాన్ని అందుకుంది. పెట్టేయలేదు. ఆవిరి మొహానికి తగులుతుంటే అలాగే పట్టుకుని కూచుంది.

"ఎలా ఉంది?" అంది చిసె.

"వెచ్చగా ఉంది," అంది సాయో. అంటుండగానే పెదవులు వంకరపోయాయి. గిన్నె కేసే చూస్తూ అంది: "కినూ, నీకో మాట చెప్పాలి. ఇక్కడే చెప్పేస్తాను, ఇంటికెళ్తే చెప్పలేను. ఆ రోజు నీ చేతిలో నీలం గిన్నె నేను ముందే చూశాను."

"ముందే అంటే?"

"నువ్వు ఎత్తకముందే. వంటింట్లోంచి వస్తున్నప్పుడే చూశాను. మూడడుగులే కదా. నోరు కూడా తెరిచాను. 'అది కాదు' అంటే చాలు. మళ్ళీ మూసేసుకున్నాను."

తోటలో కప్పు మీంచి నీళ్ళ చుక్క ఒకటి రాతి మీద పడింది. కినుయెకి అది వినిపించింది. చిసె గరిటె చేతిలో అలాగే ఉండిపోయింది.

"ఎందుకక్కా?"

"ఆయన గిన్నె ఇంట్లో ఉంటే ఆయనకి చోటున్నట్టే కదా. వస్తే తింటాడు. నాది పగిలితే పోవలసింది నేను. అదే బాగుందనిపించింది. ఎవరిని పంపుతున్నారో వాళ్ళకి తెలీదు, నాకు తెలుసు. ఆయన ఉంటాడు, నేను పోతాను. అంత ఏడుపులోనూ చల్లగా అనిపించింది, కినూ. అందుకే తినలేదు. పంపించేసిన మనిషికి అన్నమేమిటి అనిపించింది. నీ మీద కోపంతో కాదు. నువ్వలా అనుకుంటున్నావేమోనని ఇవాళ నీ మొహం చూశాకే తట్టింది."

కినుయె తన రెండు అరచేతులకేసి చూసుకుంది.

"నా చేతులతోనా?"

సాయో తలెత్తింది.

"నా చేతులతోనా చేయించుకున్నావు? అందరూ మంచి దెబ్బ అన్నారు. నేను మురిసిపోయాను, తెలుసా? ఆ రోజు ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పుకున్నాను, ఒక్క దెబ్బకే పగలగొట్టానని! నీకు పోవాలనుంటే నీ గిన్నె నువ్వే కొట్టుకోవాల్సింది. నలభై ఏళ్ళు ఎదురింట్లో ఉన్నందుకు నన్ను దీనికి వాడుకుంటావా? రేపు నువ్వు నిజంగా పోతే ఈ చేతుల్ని నేనేం చేసుకోను? వీటితోనే బియ్యం కడగనా? వీటితోనే నీ పెట్టె మీద పువ్వు పెట్టనా?"

గొంతు వీధిలోకి వినపడేంత పెరిగింది. చిసె చాప మీదున్న మిగతా అయిదు గిన్నెల్నీ ఒక్కొక్కటే కినుయె చేతికందకుండా వెనక్కి జరిపింది.

తన దుఃఖం ఎంత పెద్దదో సాయోకి తెలుసు. దాని కింద ఇంకొక మనిషి పడి నలుగుతోందని మాత్రం తట్టలేదు. నలభై ఏళ్ళుగా ఎవరింటి బకెట్టు కూడా అడక్కుండా వాడుకోని మనిషి ఆవిడ. చేతిలో గిన్నె పక్కన పెట్టి, రెండు చేతులూ చాప మీద ఆన్చి, నుదురు చేతులకి తగిలేలా వంగింది.

"నీ సంగతి ఆలోచించలేదు. క్షమించు."

"లే. నాకు దణ్ణాలొద్దు."

"క్షమించు, కినూ."

"లే అంటున్నానా! అన్నం చల్లారిపోతోంది. నాకు చెప్పాల్సిందేదో తిని చెప్పు."

సాయో లేచి కూచుంది. చిసె తినే పుల్లలు చేతికిచ్చి, చిన్న పళ్ళెంలో రెండు ముల్లంగి ఊరగాయ ముక్కలు పెట్టి, ఇక ఈ గదిలో తనకేం పని లేనట్టు తోట కేసి తిరిగింది. సాయో గిన్నె మళ్ళీ అందుకుంది. నాలుగు మెతుకులు నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. ఇంకో నాలుగు. మెతుకులు గొంతు దిగడం పైకి కనపడుతోంది, అంత చిక్కిపోయింది. కినుయె ఆ గొంతు కేసే చూస్తూ కూచుంది. కోపం ఇంకా దిగలేదు, కళ్ళలోంచి నీళ్ళు మాత్రం వాటంతటవే కారుతున్నాయి.

చూస్తున్నకొద్దీ ఆవిడకి ఇంకో దిగులు పట్టుకుంది. ఆ తింటున్నది దేనికి? బతుకుదామనా? లేక ఎదుటి మనిషి అంత అరిచాక తినకపోతే మర్యాద కాదనా? ఆ ఊరివాళ్ళు మొహమాటానికి ఎంతైనా తింటారు. పక్కింటావిడ ఉప్పెక్కువైన పులుసు ఇచ్చినా గిన్నె ఖాళీ చేసి, కడిగి, పొగిడి మరీ తిరిగిస్తారు. సాయో అందులో మరీ ఘనురాలు. ఆవిడ మొహం చూసి ఇది ఏ తిండో చెప్పడం కినుయె తరం కాలేదు. నలభై ఏళ్ళు ఆ ఇంటి సంగతులన్నీ తెలుసనుకున్న మనిషి తరం కాలేదు.

గిన్నెలో సగం అయ్యాక సాయో పుల్లలు కింద పెట్టింది.

"చాలు, ఇవాళ్టికి."

"ఇవాళ్టికేనా?" అంది కినుయె.

సాయో మిగిలిన అన్నం కేసి చూసి, "రేపు వచ్చి ఎదురుగా కూచుంటావా?" అని అడిగింది.

"కూచుంటాను."

"ఎల్లుండి?"

"ఎల్లుండీ కూచుంటాను."

"అరవకుండా?"

"అది చెప్పలేను. అక్కా, మరి ఆ ఎర్ర గిన్నె? నలభై తొమ్మిదో రోజుకి పోయినవాళ్ళు ఆ ఒడ్డుకి చేరాలంటారు, ఆ లోపు ఆయన్ని కూడా పంపించాలి కదా. దారిలో నిలబెట్టేస్తే ఎలా?"

"దాని జోలికి రాకు," అంది సాయో. గొంతు పెంచలేదు. అయినా కినుయె మళ్ళీ అడగలేకపోయింది. చిసె కేసి చూసింది, ఏమైనా సాయం పడుతుందేమోనని. చిసె తోటలోంచి మొహం తిప్పకుండానే, "నాకు తెలిసింది అమ్మడం వరకేనమ్మా," అంది.

మిగిలిన అన్నాన్ని ముద్ద చేసి ఎండబెట్టిన సముద్రపు నాచు రేకులో చుట్టి చిసెయే ఒక పొట్లం కట్టింది. బూడిద రంగు గిన్నెని కడిగి, తుడిచి, మెత్తటి కాగితంలో చుట్టి, నలుచదరపు గుడ్డలో పెట్టి ముడేసి, వయసులో చిన్నది కదా అని కినుయెకి అందించబోయింది. కినుయె చేతులు రెండూ వెనక్కి తీసేసుకుంది.

"నాకివ్వకండి అమ్మగారూ. ఆవిడే పట్టుకోవాలి."

"ఆవిడ నీరసంగా ఉన్నారు."

"ఉండనీండి."

సాయో మూట అందుకుంది. వాలు దిగేటప్పుడు కినుయె ఒక అడుగు వెనకగా నడిచింది, జారితే మనిషిని పట్టుకుందామని. మూటకేసి మాత్రం చెయ్యి చాపలేదు. చిన్న మంచు మొదలైంది, నేల మీద పడగానే కరిగిపోతోంది.

బస్సులో ఒక్క సీటే దొరికింది. సాయో కూచుంది. ఒళ్ళో మూట, మూట మీద చేతులు. కినుయె పైన తోలు పట్టీ పట్టుకుని వేలాడుతూ ఆ చేతులనే చూసింది. బస్సు మలుపు తిరిగి ఒక్క కుదుపు కుదిపింది. సాయో వేళ్ళు మూట మీద బిగుసుకున్నాయి, గోళ్ళు తెల్లబడేంతగా. కినుయె ఊపిరి వదిలింది. తర్వాతి మలుపు ఎంత దూరమో ఆవిడకి తెలుసు. ఆ లోపు బస్సు ఆగింది, బజారు సంచులతో ఎవరో ఎక్కి, సరిగ్గా ఇద్దరికీ మధ్య నిలబడ్డారు. కినుయె పక్కకి వంగి, ఆ వేళ్ళు ఇంకా మూట మీదే ఉన్నాయా అని చూసింది. కోటు వీపు తప్ప ఏమీ కనపడలేదు. బస్సు మలుపు తిరిగింది.